మామూలే కదమ్మా!

చేపల బేరం చేతకాని ఆడదానికి విశాఖపట్నంలో కాపురం చేసే అర్హత లేదని మా అత్తగారు అంటుండేవారు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను లెండి, ఫిషింగ్ హార్బరుకి తెల్లవారకుండా వెళ్ళడం, చేప చెవి ఎత్తి ఎరుపు చూడడం, అడిగిన ధరకి నవ్వేసి రెండడుగులు ముందుకు నడవడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరబోట్లకి వేట నిషేధం. అది అయిపోయి బోట్లు సముద్రం మీదికి వెళ్ళి వచ్చిన తొలి ఆదివారం ఇంట్లో ఎవరికి మాత్రం కాలు నిలుస్తుంది? మా అన్నయ్య కొడుకు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, "పద అత్తా, నేను దింపుతా" అని మోటారు సైకిల్ తీశాడు.

రొయ్యల దగ్గర కిలోకి ఇరవై రూపాయల కోసం పావుగంట వాదించాను. వంజరం ముక్కలు కొట్టించి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, గెలిచిన మొహంతో బండెక్కాను. హార్బరు రోడ్డు మలుపు తిరిగామో లేదో, ఖాకీ ప్యాంటూ తెల్లచొక్కా, ఎత్తిన చెయ్యి!

"ఏటి బాబూ, హెల్మెట్టు తలకా, ట్యాంకుకా?"

మావాడి హెల్మెట్టు నిక్షేపంగా పెట్రోలు ట్యాంకు మీద ఉంది. నాకు అసలు లేనేలేదు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నా, 2024 సెప్టెంబరు నుంచి మా ఊళ్ళో గట్టిగా పట్టుకుంటున్నారనీ పేపర్లో చదివాను. చదివి, నా కొప్పు మీద అదెలా నిలుస్తుందని నవ్వుకున్నాను కూడా. జరిమానా వెయ్యి, ఖర్చుల కింద మరో ముప్ఫై అయిదు. పైగా లైసెన్సు మూడు నెలలు పోయే ప్రమాదం.

ఆయన చలానా మిషను చేతిలోకి తీసుకున్నాడు. మావాడి మొహం పాలిపోయింది. అప్పుడు నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పర్సు తీసి రెండు వందల నోటు మడిచి, "ఏదో చూడండి బాబూ, కుర్రాడు" అన్నాను. ఒక్క మాట బేరం ఆడలేదు! ఇరవై రూపాయలకి పావుగంట పోట్లాడినదాన్ని, రెండు వందలు అర నిమిషంలో ఇచ్చేశాను. ఆయన అటూ ఇటూ చూసి నోటు అందుకుని, "మామూలే కదమ్మా, జాగర్తగా ఎల్లండి" అన్నాడు. ఆయన పేరేమిటో నేను చూడలేదు. చూసినా ఇక్కడ రాయను. మొదట చెయ్యి చాచింది ఆయన కాదు కదా.

ఇంటికొచ్చి చేపలు కడుగుతున్నా ఆ మాటే చెవిలో మోగుతోంది. మామూలే కదమ్మా! ఎంత చక్కని మాట! "ఎలా ఉన్నారు?" అంటే "మామూలే" అంటాం. లంచానికీ అదే మాట. కూర పొయ్యి మీద పెట్టి నిఘంటువు తీశాను. మామూలు అరబ్బీ మాటట, ఆచరణలో ఉన్నది అని అర్థం. తమాషా ఏమిటంటే, చట్టం "అమలు" చేయడం అంటామే, ఆ అమలూ అదే ధాతువులోంచి పుట్టింది. అమలు, మామూలు ఒక తల్లి పిల్లలన్నమాట! నవాబుల కాలంలో మామూలంటే దొంగచాటు వ్యవహారమేమీ కాదు. ఎప్పటినుంచో వస్తున్న ఆనవాయితీ, హక్కు. ఈనాటికీ రెవిన్యూ కాగితాల్లో ఆ అర్థంతో కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే మన ఉత్తర సర్కారుల పెద్ద కథ ఒకటి ఉంది. 1778లో సర్ థామస్ రంబోల్డ్ అనే దొర మద్రాసుకి గవర్నరుగా వచ్చాడు. జమీందార్ల లెక్కలు చూడడానికి సర్కారు జిల్లాల్లో తిరుగుతున్న కమిటీని రద్దు చేసి, జమీందార్లందర్నీ మద్రాసుకే రమ్మన్నాడు. రోడ్లూ రైళ్ళూ లేని రోజుల్లో, విజయనగరం నుంచీ పర్లాకిమిడి నుంచీ మద్రాసుకి! ఎందుకు రమ్మన్నాడో లోకానికి అర్థం కాకపోలేదు. 1781లో కంపెనీ డైరెక్టర్లు ఆయన్ని కొలువులోంచి తీసేశారు, ఆ మర్నాటి సంవత్సరం లండను పార్లమెంటులో ఆయన మీద బిల్లు పెట్టారు. విచారణ సాగి సాగి, చివరికి 1783లో ఆ బిల్లు వదిలేశారు. వల పెద్దదే, చేప ఇంకా పెద్దది.

చిన్న చేపల సంగతి 1855లో బయటపడింది. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకి రైతుల్ని హింసిస్తున్నారని పార్లమెంటులో గొడవ జరిగితే ఒక కమిషన్ వేశారు. ఆ నివేదిక చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎండలో వంచి నిలబెట్టడం, వీపు మీద రాయి పెట్టడం, వేళ్ళు నొక్కడం. అప్పట్లో శిస్తు వసూలు చేసే బంట్రోతే పోలీసు కూడా. జీతం గోరంత, అధికారం కొండంత. సర్కారు బాకీతో పాటు తన మామూలూ వాడే పిండుకునేవాడు. కార్ల్ మార్క్స్ కూడా 1857లో ఒక అమెరికా పత్రికలో దీని గురించి రాశాడు. ఆ నివేదిక తర్వాతే మద్రాసులో పోలీసుల్ని రెవిన్యూ నుంచి వేరు చేసి 1859లో కొత్త చట్టం చేశారు. యూనిఫారం వచ్చింది, మామూలు మాత్రం పాత బట్టలు విప్పి కొత్త బట్టలు కట్టుకుంది. మన గురజాడవారి "కన్యాశుల్కం" 1892లో మొదట ఆడారు. అందులో హెడ్డు కనిస్టీబు మధురవాణి ఇంట్లో ఎంత చనువుగా మసలుతాడో గుర్తుందా? ఆ పాత్రని చూసి ఆనాటి ప్రేక్షకులు ఆశ్చర్యపోయి ఉండరు, నవ్వి ఉంటారు. 1902లో కర్జన్ ప్రభుత్వం వేసిన పోలీసు కమిషన్ కూడా పోలీసుల్లో అవినీతి నిండా ఉందని తేల్చింది.

ఇదంతా చదివి రొమ్ము విరుచుకుందామనుకున్నాను, తప్పు తరతరాలుగా వాళ్ళదేనని. కానీ ఒకచోట ఆగిపోయాను. 1855 నాటి రైతు తప్పేమీ చేయలేదు. వీపు మీద రాయి దించమని ఇచ్చాడు. నేనో? తప్పు చేసి, వెయ్యి రూపాయల శిక్షని రెండు వందలకి కొనుక్కున్నాను. నాది సరసమైన బేరం!

2011లో కేంద్ర ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు ఒక మాటన్నారు. న్యాయంగా రావలసిన దానికి లంచం ఇవ్వాల్సి వచ్చినవాణ్ణి శిక్షించకూడదు, ఇచ్చిన డబ్బు వెనక్కిప్పించాలి, అప్పుడు వాడే ధైర్యంగా ఫిర్యాదు చేస్తాడని. పెద్ద దుమారమే రేగింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు మరో దారి పట్టింది. ఇచ్చినవాడికీ ఏడేళ్ళ దాకా జైలు. బలవంతం మీద ఇస్తే, ఏడు రోజుల్లోగా వెళ్ళి చెప్పుకుంటే మినహాయింపు.

ఏడు రోజులు! క్యాలెండరు వంక చూశాను. నాలుగే అయ్యాయి. కానీ ఏమని చెప్పుకోను? నన్నెవరు బలవంతం చేశారు గనక? కౌశిక్ బసుగారి జాలిలోనూ నాకు చోటు లేదు, పార్లమెంటు మినహాయింపులోనూ లేదు.

"పోనీ ఆ వెయ్యీ ఇప్పుడు కట్టేద్దాంరా" అన్నాను మావాడితో. వాడు ఫోనులో బండి నంబరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "మన మీద చలానాయే లేదత్తా. రాయని చలానాకి ఎక్కడ కడతాం?"

మర్నాడు సాయంత్రం ఇద్దరం వెళ్ళి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్టు ఒకటి నాకు కొన్నాం. కొప్పు విప్పి జడ వేసుకుంటే బాగానే పట్టింది. పై ఆదివారం అలాగే హార్బరుకి వెళ్ళాం. మలుపు దగ్గర ఎవరూ లేరు. రొయ్యలమ్మ నన్ను చూసి ముక్కున వేలేసుకుని, "ఏటమ్మా, గుర్తుపట్టనేదు!" అని పడిపడి నవ్వింది. కిలోకి ఇరవై మాత్రం తగ్గించలేదు.