పుల్లరి నాటి పల్నాటి అడవి

పల్నాడు మెట్ట సీమ. ఉత్తర సరిహద్దున కృష్ణ పారుతున్నా నది లోతు, గట్టు ఎత్తు కావడంతో నాగార్జునసాగర్ కాలువ వచ్చేదాకా ఆ నీరు పొలాలకు ఎక్కలేదు. పడమటి వైపు నల్లమల కొండలు, మిగతాది చాలావరకు నాపరాతి నేల. ఇక్కడిది ఎండాకాలం ఆకు రాల్చే అడవి. చండ్ర, తునికి, బిల్లుడు, మోదుగ, రేగు, సీతాఫలం అందులో ఎక్కువ. వాన మొహం చాటేసిన ఏడాది జొన్న చేతికి రాకపోయినా పశువులు అడవిని నమ్ముకుని బతికేవి. నాగలికి కర్ర, చేనికి కంచె కంప, ఇంటికి వాసాలు, పొయ్యిలోకి పుల్లలు అక్కడినుంచే వచ్చేవి. ఈ సీమలో పశువుల మందకు ఎంత విలువ ఉండేదో పల్నాటి వీరుల కథ కూడా చెబుతుంది. కారంపూడిలో ఏటా జరిగే అయిదు రోజుల వీరారాధన ఉత్సవంలో ఒక రోజు పేరే మందపోరు.

మద్రాసు రాజధానిలో అడవుల రక్షణకు సర్కారు ప్రత్యేక శాఖ పెట్టింది 1856లో. వైద్యుడూ వృక్షశాస్త్రవేత్తా అయిన హ్యూ క్లెగ్‌హార్న్ ఆ ఏడాది అడవుల సంరక్షణాధికారి అయ్యాడు. రైలు పట్టాల కింద వేసే దుంగలకు, ఇంజన్లలో మండించే కట్టెలకు చెట్లు విపరీతంగా కూలుతున్న కాలమది. కొండలు బోడివైతే వాగులు ఎండిపోతాయన్న ఆందోళన అప్పటికే గట్టిగా ఉంది, అది న్యాయమైనదే కూడా. అయితే 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం నరికివేతకు పెద్ద కారణమైన సర్కారు అవసరాలను వదిలేసి, ఊరి జనం రాకపోకలను పట్టుకుంది. రిజర్వు అడవిగా ప్రకటించిన చోట తరతరాల వాడుక చెల్లదు. హక్కు ఉందనుకున్నవారు గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలి. చదువు రాని పశువుల కాపరికి ఆ ప్రకటన ఏమిటో, ఆ గడువు ఏమిటో తెలిసే దారే లేదు.

రిజర్వు హద్దు చాలా ఊళ్లలో పొలం గట్టు దాకా వచ్చేసింది. పశువును అడవిలో మేపాలంటే తలకింత అని పుల్లరి కట్టి రసీదు పుచ్చుకోవాలి. రసీదు లేని పశువు హద్దు దాటితే బందెలదొడ్డికి పోతుంది, విడిపించుకోవాలంటే జరిమానా. హద్దు ఎక్కడుందో పశువుకు తెలియదు. పుల్లరికి తోడు కింది ఉద్యోగుల మామూళ్లు, వారు ఊరికి వచ్చినప్పుడు చేయాల్సిన వెట్టి. చెట్టును కాపాడే పేరుతో పెట్టిన కాపలా ఊరివాళ్ల కంటికి వసూళ్ల యంత్రంగానే కనిపించింది. ఈ ఫిర్యాదులు రాజధాని అంతటా ఉన్నవే. వాటిని విచారించిన అటవీ కమిటీ 1913లో నివేదిక ఇస్తూ, గ్రామాల అవసరాలు తీర్చే అడవులను పంచాయతీలకు అప్పగించవచ్చని సూచించింది. పల్నాటి రైతుకు మాత్రం ఊరట దక్కలేదు.

1921లో సహాయ నిరాకరణ పల్నాటికి చేరేసరికి కోపం సిద్ధంగా ఉంది. మాచర్ల ప్రాంతంలో జనం అటవీ, రెవెన్యూ ఉద్యోగులను సాంఘికంగా వెలివేశారు. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, అంగడివాడు సరుకు ఇవ్వలేదు. పరిస్థితి చూసి రమ్మని గుంటూరు జిల్లా కాంగ్రెస్ ఉన్నవ లక్ష్మీనారాయణను, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులను పంపింది. ప్రభుత్వం వారిని అరెస్టు చేసింది. జామీను ఇవ్వడానికి నిరాకరించి ఇద్దరూ జైలుకు వెళ్లారు. ఉన్నవ ‘మాలపల్లి’ నవల రాసింది ఆ జైలు జీవితంలోనే.

నాయకులు జైల్లో ఉన్నా ఉద్యమం ఆగలేదు. పుల్లరి కట్టకుండానే మందలను అడవిలోకి తోలడం మొదలైంది. దుర్గి ప్రాంతంలోని మించాలపాడులో దీనికి ముందు నిలిచినవాడు కన్నెగంటి హనుమంతు, కలిగిన రైతు. అప్పటి గుంటూరు కలెక్టర్ టి.జి. రూథర్‌ఫర్డ్. పెదనందిపాడు పన్నుల నిరాకరణను అణచిందీ, తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజుపై ప్రత్యేకాధికారిగా వెళ్లిందీ ఇతడే. చౌరీచౌరా ఘటన తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమాన్ని నిలిపేసింది. మించాలపాడు మీదికి సాయుధ పోలీసులు వచ్చింది ఆ తర్వాతే, అదే నెలలో. పశువులను పట్టుకోవడం దగ్గర గొడవ ముదిరి కాల్పులకు దారితీసింది. హనుమంతు నేలకూలాడు. దాహంతో అల్లాడుతున్న అతనికి గుక్కెడు నీళ్లయినా అందనివ్వలేదని పల్నాట ఈనాటికీ చెప్పుకుంటారు. ఈ పోరాటాన్ని పన్ను ఎగవేతగా చూడడం అన్యాయం. అడవి వద్దని వారు ఎన్నడూ అనలేదు. అడవి లేకపోతే ముందు చచ్చేది వారి పశువులే.

స్వాతంత్ర్యం తర్వాత పల్నాటి పచ్చదనాన్ని మార్చింది చట్టం కాదు, నీరు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మెట్ట చేలను మాగాణి చేసింది. వరి, పత్తి, మిరప పెరిగాయి, బీళ్లు తగ్గాయి. మాచర్ల వైపు కొండలు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగమై, 1983లో పులుల రక్షణ ప్రాజెక్టు కిందికి వచ్చాయి. అడవికి మేతకు వెళ్లే దారులు మళ్లీ ఇరుకయ్యాయి.

ప్రజలను కలుపుకోకుండా అడవి నిలవదని ప్రభుత్వం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1988 జాతీయ అటవీ విధానం స్థానికుల అవసరాలకు చోటిచ్చింది. 1990ల్లో రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి అడవి బిడ్డలకే కాక, అడవిపై ఆధారపడి మూడు తరాలుగా అక్కడే ఉంటున్న ఇతరులకు సైతం పశువుల మేతను హక్కుగా గుర్తించింది. హనుమంతు చనిపోయి అప్పటికి 84 ఏళ్లు.

పట్టణాల్లో చెట్టుకు రక్షణ కూడా ఆలస్యంగానే వచ్చింది. 2002లో చేసిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఈ నియమం అవసరం మరింత పెరిగింది. జిల్లా కేంద్రమైన ఊరికి వాహనాలు, ఇళ్లు, వెడల్పు రోడ్లు కావాలి, వాటికి మొదట అడ్డొచ్చేవి పాత వేపలూ రావులూ. కొండవీడు కోట దగ్గర అటవీశాఖ తీర్చిన నగరవనం, కోటప్పకొండ మీద పెంచిన తోటలు జనానికి ఎంతో మేలు చేస్తున్నాయి. కానీ అవి బండి కట్టుకుని వెళ్లాల్సిన దూరంలో ఉన్నాయి. మే నెల ఎండలో నరసరావుపేట బస్టాండు పక్క తోపుడుబండి పెట్టుకునే మనిషికి కావాల్సింది వీధిలోని చెట్టు నీడ. కొట్టేసిన వేపకు బదులుగా నాటిన మొక్క అంత నీడ ఇవ్వడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ దానికి నీళ్లు పోసి, కంచె కట్టి చూసుకునేవాళ్లు ఆ వీధిలోనే ఉండాలి.