కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం

హైదరాబాదు షేక్‌పేట మండలంలో, జూబ్లీహిల్స్‌కూ బంజారాహిల్స్‌కూ నడుమ మిగిలిన రక్షిత అడవి ఇది. నగరవాసుల నోట ఇది కేబీఆర్ పార్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి, సుదీర్ఘకాలం శాసనసభ్యుడిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి (1909–1994) స్మృతికి గౌరవంగా ఆయన పేరు పెట్టారు. 1998 డిసెంబరు 3న వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 142.5 హెక్టార్లు, అంటే దాదాపు 352 ఎకరాలు. ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువే. దేశంలోని అతి చిన్న జాతీయ ఉద్యానవనాల్లో ఇదొకటి. నగరం మధ్యలోనే ఉన్న చెన్నై గిండీ జాతీయ ఉద్యానవనం కూడా దీనికి దాదాపు రెండింతలు ఉంటుంది.

పార్కు అనగానే పచ్చిక, పూలమడులు, పిల్లల ఊయలలు కళ్లముందు మెదులుతాయి. ఇక్కడ అవేవీ ముఖ్యం కాదు. ఇది ఎవరో నాటి పెంచిన తోట కాదు. నగరం ఇటువైపు రాకముందు ఈ గుట్టల మీద ఉన్న దక్కను చిట్టడవిలో మిగిలిన తునక. ఈ తేడా తెలిస్తేనే దీని చుట్టూ జరిగే వాదాలన్నీ అర్థమవుతాయి.

పేరు

ముఖ్యమంత్రుల పేర్లు పచ్చని చోట్లకు పెట్టడం హైదరాబాదుకు అలవాటే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున దామోదరం సంజీవయ్య పార్కు ఉంది. బంజారాహిల్స్‌లో జలగం వెంగళరావు పార్కు, కొండాపూర్ దగ్గర కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉన్నాయి. నలుగురిలో వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్న నేలకు తన పేరు దక్కింది బ్రహ్మానందరెడ్డికే. దీన్ని మార్చాలంటే అంత తేలిక కాదు. చట్టసభల మనిషికి చట్టం కాపలా కాసే అడవి స్మారకం కావడం తగినదే.

బ్రహ్మానందరెడ్డి 1909 జులై 28న నరసరావుపేట ప్రాంతంలో పుట్టారు. ఇప్పుడది పల్నాడు జిల్లా. న్యాయశాస్త్రం చదివారు. 1946లో తొలిసారి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1964 ఫిబ్రవరి 29 నుంచి 1971 సెప్టెంబరు 30 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ తరవాత కేంద్ర హోంమంత్రి, లోక్‌సభ సభ్యుడు, మహారాష్ట్ర గవర్నరు. 1994 మే 20న కన్నుమూశారు.

తెలంగాణలో ఈ పేరు తలచినప్పుడు 1969ని దాటవేయకూడదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో యువకులు ప్రాణాలు కోల్పోయింది ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే. గన్‌పార్కులోని అమరవీరుల స్తూపం వాళ్ల కోసమే. ఆ స్తూపం, ఈ అడవి ఒకే నగరంలో కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం చరిత్రకు న్యాయం కాదు.

1967

బ్రహ్మానందరెడ్డిని పర్యావరణవాది అని ఆయన కాలంలో ఎవరూ అనలేదు. ఆ మాటే అప్పటికి వాడుకలో లేదు. పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి తొలి పెద్ద సదస్సు స్టాక్‌హోమ్‌లో జరిగింది 1972 జూన్‌లో. అప్పటికి ఆయన పదవి దిగి ఎనిమిది నెలలు. ఆయన పాలన అనగానే జనానికి గుర్తొచ్చేది నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967 ఆగస్టు 4. కానీ అదే ఏడాది అమల్లోకి వచ్చిన ఇంకొక పనిని చాలామంది మరిచిపోయారు. అది ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం.

అంతకుముందు రాష్ట్రంలో అడవికి రెండు చట్టాలు ఉండేవి. కోస్తా, రాయలసీమ అడవులకు 1882 నాటి మద్రాసు చట్టం, తెలంగాణ అడవులకు నిజాం కాలపు ఫసలీ 1355 చట్టం. ఒకే రాష్ట్రంలో గోదావరికి ఈవలి గట్టున ఒక న్యాయం, ఆవలి గట్టున ఒక న్యాయం. 1967 చట్టం రెండింటినీ కలిపింది. ఏ నేలనైనా రిజర్వు అడవి చేయదలచుకుంటే 4వ సెక్షన్ కింద ప్రకటన ఇవ్వాలి. సెటిల్‌మెంట్ అధికారి ఊరివాళ్ల హక్కులు, అభ్యంతరాలు వినాలి. ఆ పైనే 15వ సెక్షన్ కింద తుది ప్రకటన. నేటికీ తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలు నడిచేది ఈ చట్టం మీదే. పోడు చేసుకునే గిరిజనులను ఇదే చట్టం ఏళ్ల తరబడి నేరస్థులుగా చూసిందన్నదీ నిజమే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ గాయానికే మందు.

అయితే గిరిజనుల నేల విషయంలో ఆయన ప్రభుత్వం ఒక మేలూ చేసింది. ఏజెన్సీలో జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే 1970 నాటి 1వ రెగ్యులేషన్ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా అడ్డుకట్ట వేసింది. శాసనసభ చేసిన చట్టం కాదది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరు పేర వచ్చిన రెగ్యులేషన్. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, ఏజెన్సీలో ప్రైవేటు గనుల కంపెనీలకు ప్రభుత్వం లీజులు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఊతం ఈ భూబదిలీ నిబంధనలే. విశాఖ మన్యంలో అనంతగిరి కొండలు గనులపాలు కాకుండా ఆగాయంటే అందులో ఈ కాగితానికి పెద్ద భాగం ఉంది. స్మారకాల లెక్కలో నేనైతే ఈ రెండు శాసనాలను కేబీఆర్ పార్కు కంటే ముందు రాస్తాను.

చిరాన్ ప్యాలెస్

1967 ఈ నేలకు మరో విధంగానూ ముఖ్యమైన సంవత్సరం. ఫిబ్రవరిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరణించారు. ఆయన మనవడు ముకర్రం జా పేరుకు ఎనిమిదో నిజాం అయ్యారు. ఇక్కడి చిరాన్ ప్యాలెస్, దాని చుట్టూ ఉన్న అడవి ఆయనవి. నెమలి బంగళా, గోల్ బంగళా, గుర్రపుశాలలు, మోటారు గ్యారేజీలు, బావులు ఈ గుట్టల్లో అక్కడక్కడా ఉండేవి. రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల క్షేత్రం కొనుక్కున్నారు, ఆ తరవాత టర్కీ చేరారు. 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చాక ఈ నేలలో ఎక్కువ భాగం ప్రభుత్వపరమైంది. ప్యాలెస్, కొంత స్థలం కుటుంబానికి మిగిలాయి. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. ఆయన్ను హైదరాబాదు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు.

రాజుగారి ప్రహరీ లోపల ఉండబట్టి అడవి బతికింది. అదే దశాబ్దాల్లో ప్రహరీ బయట జూబ్లీహిల్స్ సొసైటీ ప్లాట్లు వేసింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు సినిమా ఫిల్మ్‌నగర్ గుట్టల మీద స్థిరపడింది. ఇరవై ముప్పై ఏళ్లలో రాళ్లగుట్టలు రోడ్డు నంబర్లయ్యాయి.

లోపల

నేల అంతా గ్రానైటు. ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, వాటి సందుల్లో వేళ్లు దూర్చుకుని నిలిచిన చెట్లు. వేప, కానుగ, మోదుగ, తుమ్మ, చిల్ల, వెదురు, అడుగడుగునా సీతాఫలం పొదలు. ఎండాకాలంలో వచ్చేవారికి ఇది ఎండిపోయినట్టు కనిపిస్తుంది. ఆకు రాల్చడం ఈ అడవి స్వభావం. తొలకరి పడ్డ పది రోజులకు వచ్చి చూస్తే రాయి తప్ప అంతా పచ్చన. ఇక్కడ 600కు పైగా మొక్క జాతులు, 140 దాకా పక్షి జాతులు ఉన్నట్టు లెక్క.

తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడితే కళ్లకంటే ముందు చెవులకే అడవి తెలుస్తుంది. వెనకనుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు వెళ్లే బస్సు హారన్ వినిపిస్తుంటుంది, ముందునుంచి నెమలి కేక. రెండడుగులు లోపలికి వేస్తే పొదల్లోంచి కౌజుపిట్టల గోల, కాసేపటికి ఎక్కడో జెముడుకాకి గుబగుబ. నేల మీద ఎర్రమట్టి దారి, దాని పక్కనే రాత్రి ఏదుపంది రాల్చిన ముల్లు ఒకటి, తెలుపు నలుపు చారలతో, పెన్సిలంత. అది ఇక్కడ తిరుగుతుందంటే రోజూ వాకింగ్‌కు వచ్చేవాళ్లే కొందరు నమ్మరు. అది రాత్రి తిరిగే జీవి, మనం పగటి మనుషులం. పునుగుపిల్లి, అడవిపిల్లి, ముంగిస, ఉడుము, అలుగు కూడా ఈ అడవి కుటుంబమే. అలుగు చీమలు, చెదలు తిని బతుకుతుంది. భయమేస్తే పొలుసుల బంతిలా చుట్టుకుపోతుంది. పులి పళ్లకు అందకుండా తప్పించుకునే ఆ విద్య మనిషి దగ్గర పనిచేయదు, చేత్తో ఎత్తుకుపోవడమే కదా. కోటి మంది నివసించే నగరం నడిమధ్య అటువంటి జీవికి చోటుందంటే ఎవరికైనా గుండె నిండుతుంది.

నడిచేవారికి లోపల ఒక దారి, ప్రహరీ బయట చుట్టూరా ఒక ట్రాక్ ఉన్నాయి. అడవి నడిబొడ్డులోకి జనాన్ని వెళ్లనివ్వరు. అది మంచిదే.

చట్టం, రోడ్లు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో పార్లమెంటు చేసింది. అడవి, వన్యప్రాణి అప్పట్లో రాష్ట్రాల జాబితాలోని అంశాలు. అందువల్ల రాజ్యాంగం 252వ అధికరణం ప్రకారం ముందుగా రాష్ట్ర శాసనసభలు తీర్మానం చేసి, ఈ చట్టం మీరే చేయండని పార్లమెంటును అడగాలి. అలా అడిగిన 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జాతీయ ఉద్యానవనం సరిహద్దులు మార్చాలంటే శాసనసభ తీర్మానం కావాలని ఆ చట్టం 35వ సెక్షన్‌లో మొదట రాసుకున్నారు. 2002 సవరణ ఆ అధికారాన్ని జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసుకు ముడిపెట్టింది. ఉద్యానవనంలో పశువుల మేత నిషేధం, ప్రైవేటు హక్కులు ఉండవు. అభయారణ్యానికి కూడా ఇంత గట్టి రక్షణ లేదు.

చట్టం కాచేది ప్రహరీ లోపలి నేలను. పోరు ఎప్పుడూ ప్రహరీ అంచునే. 2016లో పార్కు చుట్టూ కూడళ్లలో బహుళ అంతస్తుల ఫ్లైఓవర్లు కట్టాలని నగరపాలక సంస్థ తలపెట్టింది. వెయ్యికి పైగా చెట్లు పోతాయని తేలింది. నడకకు వచ్చేవాళ్లు, విద్యార్థులు, పర్యావరణ కార్యకర్తలు చేయీచేయీ పట్టుకుని పార్కు పొడవునా నిలబడ్డారు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ హైకోర్టుకూ వెళ్లారు. పనులు ఆగాయి. 2020లో కేంద్రం పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ఖరారు చేసింది. దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కడా 30 మీటర్లు దాటదు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు రక్షిత అడవుల చుట్టూ కిలోమీటరు మేర ఇలాంటి ప్రాంతం ఉండాలని చెప్పింది, 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని సడలించింది. కిలోమీటరు లెక్కే నిలిచి ఉంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు పూర్తిగా అందులో పడేది. 2024లో పార్కు చుట్టూ ఆరు కూడళ్లకు కొత్త ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రణాళిక మళ్లీ ముందుకొచ్చింది.

హోదా ఉన్న నేలకూ లేని నేలకూ తేడా 2025 వసంతంలో నగరమంతా చూసింది. గచ్చిబౌలి కంచలో విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగి రోజుల వ్యవధిలో చెట్లు నేలకూల్చాయి. అక్కడా ఇవే గుండ్లు, ఇవే నెమళ్లు. విస్తీర్ణమూ ఇంచుమించు ఇంతే. లేనిది 35వ సెక్షన్ కింద ప్రకటన ఒక్కటే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కల్పించుకుని పనులు ఆపించేదాకా అక్కడి జింకలకు దిక్కు లేదు.

కేబీఆర్ నెమళ్లు మాత్రం పొద్దుగూకే వేళ ప్రహరీ ఎక్కి కూర్చుంటాయి. కొన్ని అవతలికి ఎగిరి జూబ్లీహిల్స్ ఇళ్ల పిట్టగోడల మీద, కారు షెడ్ల రేకుల మీద వాలతాయి. ఆ ఇళ్లవాళ్లు వాటికోసం గిన్నెల్లో నీళ్లు పెడతారు. చీకటి పడకముందే తిరిగి గోడ దాటి అడవిలోకి వెళ్లిపోతాయి.