మధుర మహలు: కట్టినవాళ్ళు, పడగొట్టినవాళ్ళు, నిలబెట్టినవాళ్ళు

సేత్తూరు, రాజపాళెం వైపు నుంచి మధురకు పోయినవాళ్ళు మీనాక్షమ్మ దర్శనం అయ్యాక తిరుమల నాయకర్ మహలు కూడా చూసి రావడం మామూలే. అక్కడ పిల్లలకు మనం చెప్పే మాట ఒకటే: "ఇది మన తెలుగు రాజు కట్టించింది." ఆ మాట నిజమే. కానీ మహలు కథలో అది మొదటి భాగం మాత్రమే. తర్వాత దాన్ని పడగొట్టింది ఎవరు, మళ్ళీ నిలబెట్టింది ఎవరు అన్నది కూడా తెలిస్తేనే కథ పూర్తవుతుంది.

మధుర నాయకులు విజయనగరం పంపగా వచ్చినవాళ్ళు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో ఆ పాలన మొదలైంది. దేశాన్ని 72 పాళెాలుగా పంచి పాళెగాళ్ళకు అప్పజెప్పిన ఏర్పాటు ఆ కాలానిదే. సేత్తూరు కూడా అలాంటి ఒక పాళెమే, ఏలింది మరవ దొరలు. అంటే మధురలోని కొలువుకూ మన ఊరికీ సంబంధం చుట్టరికంతో వచ్చింది కాదు, పాలనతో వచ్చింది.

ఈ వంశంలో పేరు మోసిన తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. రాజధానిని తిరుచిరాపల్లి నుంచి మధురకు మార్చి, 1636లో ఈ మహలు కట్టించాడు. మనకు దగ్గరలోని శ్రీవిల్లిపుత్తూరులో కూడా ఆయన పేరున ఒక మహలు ఉంది. చిన్నదే అయినా ఆ కట్టడం తీరు అక్కడా చూడవచ్చు.

మధురలో ఇప్పుడు మనం చూసేది ముఖ్యంగా స్వర్గ విలాసం అనే భాగం. నడుమ 240 అడుగులకు పైగా పొడవున్న ముంగిలి. దాని చుట్టూ సుమారు 40 అడుగుల ఎత్తు స్తంభాలు. స్తంభాలు రాతివి, వాటిని కలిపే కమానులు ఇటుకవి. పైన గుమ్మటాలు. పక్కనున్న నాటకశాల కప్పు దాదాపు 70 అడుగుల ఎత్తుకు లేస్తుంది. వీటన్నిటి మీదా గవ్వల సున్నంతో చేసిన గచ్చు. సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి, పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన చేర్చి, నున్నటి రాయితో రుద్దేవాళ్ళు. పాలరాయిలా మెరిసే ఆ నునుపు అంతా చేతి పని.

ఈ గుండ్రటి స్తంభాలను చూసి, దీన్ని ఇటలీ శిల్పి కట్టాడని చాలామంది చెబుతారు. ఇటలీ మనుషులు ఆనాటి మధురకు కొత్త కాదు. రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ పాద్రీ 1606లో మధురకు వచ్చి తమిళం, తెలుగు, సంస్కృతం మూడూ నేర్చుకున్నాడు. కానీ కట్టడాన్నే అడిగితే వేరే ఊళ్ళ పేర్లు కూడా చెబుతుంది. రేకుల్లా వంపులు తిరిగిన కమానులు, గుమ్మటాలు దక్కను సుల్తానుల కట్టడాల్లో కనబడేవి. గచ్చుతో తీర్చిన యాళులు, దేవతా రూపాలు మన గుడులవి. వచ్చిన పద్ధతులన్నిటినీ సున్నం, ఇటుకలతో ఒకటిగా చేయగలిగిన పనివాళ్ళు ఈ నేల మీద ఉన్నారు. మహలు గొప్పతనం అక్కడ ఉంది.

దాదాపు అదే యుగంలో, ఫ్రాన్సులో మొదటి ఫ్రాన్సిస్ రాజు 1519లో షాంబోర్ కోట మొదలుపెట్టాడు. 400కు పైగా గదులు ఉన్నా, ఆయన అందులో గడిపింది కొన్ని వారాలే. అయినా ఆ కోట నిలిచింది. మధుర మహలుకు ఆ అదృష్టం లేదు. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథ నాయకుడు (1659–1682) రాజధానిని మళ్ళీ తిరుచిరాపల్లికి మార్చాడు. అక్కడ కొత్త మహలు కట్టుకోవడానికి ఇక్కడి స్తంభాలు, చెక్కడాలు విప్పించి తీసుకుపోయాడు. పగవాడు వచ్చి కూల్చింది కాదు, తాత కట్టింది మనవడే విప్పాడు. మొదటి కట్టడంలో నాలుగో వంతే మిగిలిందని అంటారు. మహలుకు కాస్త దూరంలో ఇళ్ళ నడుమ నిలిచిన పది స్తంభాలను చూస్తే, మహలు ఎంతదాకా ఉండేదో అర్థమౌతుంది. ఆ సందు పేరే పత్తు తూణ్ సందు. 1798లో ఆంగ్ల చిత్రకారులు థామస్, విలియం డేనియల్ అచ్చువేసిన బొమ్మలో ఇది శిథిలంగానే కనబడుతుంది.

నిలబెట్టింది ఎవరంటే, 1866–72 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు. ఆయన బాగు చేయించి కోర్టులను అందులోకి తెచ్చాడు. 1970 దాకా అక్కడ వ్యాజ్యాలు నడిచాయి. రోజూ జనం తిరిగే చోటు కాబట్టి కప్పు కారితే ఎవరో ఒకరు పట్టించుకున్నారు. ఇప్పుడు తమిళనాడు పురావస్తు శాఖ చూసుకుంటోంది.

ఈ కథ మన ఇళ్ళకూ వర్తిస్తుంది. మన వీధుల్లో ఇంకా గానుగ సున్నం గోడలు, దూలాల మీద ఇటుక పరిచి గచ్చు వేసిన మిద్దెలు ఉన్నాయి. వాటాలు పంచుకోవడంలో కొన్ని పోతున్నాయి. తలుపులు, స్తంభాలు పాత సామాన్ల అంగళ్ళకు చేరుతున్నాయి. ఉంచుకున్నవాళ్ళేమో సున్నం గోడ మీద సిమెంటు పూయిస్తున్నారు. సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు, దాంతో గోడ ఉప్పు పొంగి, పెచ్చులూడి రాలుతుంది. మరమ్మతుకు సున్నమే వాడాలి. అది తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ళుండగానే పిలిపించుకోవాలి. కూల్చక తప్పని ఇల్లయితే, ముందు కొలతలు రాసి, ఫోటోలు తీసి పెట్టండి.

మధుర మహలు ముందు నిలబడి "మనది" అనడం సులువు. ఆ మాటకు విలువ వచ్చేది, మన చేతిలో ఉన్న గోడను మనం ఎలా చూసుకుంటున్నామన్న దాన్ని బట్టే.