జీర్ణావయవాల తెలుగు పేర్లు: క్లోమం, ఉండుకం

శ్రీనగర్ కాలనీకి చేరువలోనే పంజగుట్టలో నిమ్స్, సోమాజిగూడలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఉన్నాయి. జిల్లాల నుండి ఇటువంటి ఆసుపత్రులకు వచ్చే రోగి ‘కడుపునొప్పి’ అంటాడు. చేతికందే నివేదికలో ‘పాంక్రియాస్’ అని ఉంటుంది. పాఠ్యపుస్తకంలో దాని పేరు క్లోమం. ఆ పేరు ఆసుపత్రి గడప దాటలేదు.

క్లోమం ప్రాచీన పదమే గాని నేటి అర్థం ప్రాచీనం కాదు. చరకసంహిత తాలువును, క్లోమాన్ని ఉదకవహ స్రోతస్సులకు మూలంగా పేర్కొన్నది. అంటే అక్కడ దాని సంబంధం దప్పికతో, అన్నం అరగడంతో కాదు. అది ఏ అవయవమన్న విషయంలో ఆయుర్వేద పండితులకు ఏకాభిప్రాయం లేదు. తెలుగువారు దానిని పాంక్రియాస్‌కు స్థిరపరచగా, హిందీ శాస్త్రగ్రంథాలు అదే మాటను చేప మొప్పలకు వాడి, పాంక్రియాస్‌ను ‘అగ్న్యాశయ’ అన్నాయి. స్పష్టతలో హిందీ ఎంపికే మేలని నా అభిప్రాయం.

ఉండుకం సంగతీ ఇంతే. సుశ్రుతుడు కోష్ఠాంగాలలో చెప్పిన ఉండుకాన్ని పెద్దపేగు మొదటి భాగంగా పలువురు గుర్తించారు. తెలుగులో అది ఆ భాగానికి వేలాడే అపెండిక్స్‌కు పేరైంది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా, పారిభాషిక పదకోశాల ద్వారా ఇటువంటి పదాలను తరగతిగదికి చేర్చింది. వైద్యవిద్య మాత్రం ఇంగ్లీషులోనే సాగింది. అందువల్ల క్లోమం పరీక్షలో రాసే మాటగా మిగిలింది. కాలేయం కొంత మినహాయింపు. పత్రికలు దానిని నిలబెట్టాయి. (మాంసం అంగడిలో అది నేటికీ కార్జమే.) ‘కడుపులో ఎక్కడ?’ అని వైద్యుడడిగితే రోగి అవయవం పేరు చెప్పడు, చేయి పెట్టి చూపుతాడు.