ఆంధ్రప్రదేశ్‌లో అంతర్జాల సేవాదాతల నియంత్రణ

అంతర్జాల సేవాదాతల నియంత్రణ అనగా ఇళ్ళకు, కార్యాలయాలకు ఇంటర్నెట్ అందించే సంస్థల అనుమతులు, ధరలు, సేవల నాణ్యత, తీగలు వేసుకొనే హక్కులు మొదలైన విషయాలలో ప్రభుత్వానికి గల అధికారం. భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 31వ అంశం ప్రకారం తపాలా, తంతి, టెలిఫోను, ప్రసార సాధనాలు కేంద్రం పరిధిలోనివి. అంతర్జాలం కూడా ఈ కోవకే చెందుతుంది. కనుక విద్యుత్తు, మంచినీరు, రోడ్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఉన్నంత అధికారం అంతర్జాలం విషయంలో లేదు. దాని చేతిలో ఉన్నవి ముఖ్యంగా కరెంటు స్తంభాలు, రోడ్ల అంచులు.

ఎర్రమంచి ఉదాహరణ

ఈ తేడా ఎటువంటిదో తెలుసుకొనుటకు ఎర్రమంచి మంచి ఉదాహరణ. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలంలోని ఈ గ్రామం 44వ జాతీయ రహదారికి చేరువలో, హిందూపురం, ధర్మవరం పట్టణాల నడుమ ఉన్నది. కియా మోటార్స్ సంస్థ ఇక్కడ కర్మాగారం నెలకొల్పుటకు 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల ఈ కర్మాగారం 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైనది. దీనికి నీరు హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుండి వస్తుంది.

ఈ ప్రాంతంలో విద్యుత్తు పంపిణీ బాధ్యత ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. విద్యుత్ చట్టం, 2003లోని 43వ సెక్షను ప్రకారం ఇంటి యజమానిగాని, అందులో నివసించేవారుగాని దరఖాస్తు చేసుకొన్నచో పంపిణీ సంస్థ నిర్ణీత గడువులోగా కరెంటు ఇవ్వవలసినదే. ఊరు చిన్నది, లాభం రాదు అనే సాకులు చెల్లవు. ధరను కూడా సంస్థ తనంతట తాను పెంచుకొనుటకు వీలు లేదు. 1999లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ప్రతిపాదనలను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు విని, ఆ తరువాతే ధరలు నిర్ణయిస్తుంది. ఈ బహిరంగ విచారణలలో రైతు సంఘాల వారు, చిన్న పరిశ్రమల వారు లేచి మాట్లాడుట పరిపాటి.

అదే ఇంటికి అంతర్జాలం కావలెనంటే ఇటువంటి హక్కు ఏదీ లేదు. పెద్ద కర్మాగారం అడిగితే తీగ వేయుటకు సేవాదాతలు ముందుకు వస్తారు. పక్క పల్లెలోని పది ఇళ్ళ కోసం తీగ లాగవలెనా వద్దా అనునది ప్రైవేటు సేవాదాత లెక్కలపై ఆధారపడి ఉంటుంది.

చట్టాలు, సంస్థలు

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం ద్వారా మొదలైనవి. 1998లో ప్రైవేటు సంస్థలను అనుమతించారు. అప్పటికి అమలులో ఉన్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తంతి వ్యవస్థ నెలకొల్పు హక్కు ప్రభుత్వానిదే, ఇతరులు అనుమతిపత్రం పొందవలెను అనునది దాని మూలసూత్రం. తెల్లదొరల కాలపు ఈ సూత్రమే నూరేళ్ళ తరువాత అంతర్జాలానికి కూడా వర్తించినది. దాని స్థానంలో టెలికమ్యూనికేషన్ల చట్టం, 2023 వచ్చినది. అందులోని కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26 నుండి అమలులోకి వచ్చినవి.

1997 నాటి చట్టం ద్వారా భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అనగా ట్రాయ్, ఏర్పడినది. అంతర్జాల ధరల విషయంలో ట్రాయ్ సాధారణంగా సంయమన విధానం పాటిస్తుంది. సంస్థలు తమ ధరలు తామే నిర్ణయించుకొని ట్రాయ్‌కు తెలియజేస్తాయి. పోటీ ఉన్నచోట ఇది వినియోగదారునికి మేలు చేసిన మాట నిజం. ఒకే తీగ ఉన్న ఊరిలో పోటీ అనే మాటకు అర్థం లేదు.

ట్రాయ్ గట్టిగా కలుగజేసుకొన్న సందర్భం 2016లో వచ్చినది. ఫేస్‌బుక్ సంస్థ 'ఫ్రీ బేసిక్స్' పేరుతో కొన్ని వెబ్‌సైట్లను మాత్రం ఉచితంగా చూపే పథకం ప్రవేశపెట్టగా, చూసే విషయాన్నిబట్టి వేరువేరు ధరలు వసూలు చేయరాదని ట్రాయ్ ఆ ఏడాది ఫిబ్రవరి 8న నిబంధనలు జారీచేసినది.

స్తంభాలపై తీగలు

రాష్ట్ర ప్రభుత్వం ధరలను, సేవాదాతలను శాసించలేకపోయినను తానే సేవాదాతగా మారవచ్చును. ఆంధ్రప్రదేశ్ ఈ దారినే ఎంచుకొన్నది. 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. భూమి త్రవ్వి తీగలు పూడ్చుటకు బదులు ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ తీగ లాగుట ఈ పథకం ప్రత్యేకత. దీనివలన ఖర్చు బాగా తగ్గినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో దీనిని ప్రారంభించారు. నెలకు రూ. 149కి అంతర్జాలం, టెలివిజన్ ఛానళ్ళు, టెలిఫోను మూడూ ఇస్తామని ప్రకటించారు. ఈ ధరను తరువాతి కాలంలో సవరించారు. ఇంటింటికి కనెక్షను ఇచ్చే పని ఊళ్ళలోని కేబుల్ ఆపరేటర్ల ద్వారా జరుగుతుంది.

స్తంభాల మీది తీగకు గాలివానల బెడద, రోడ్ల వెడల్పు పనుల బెడద ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం త్రవ్విన కందకాలలోనే ఫైబర్ తీగ వేయు పద్ధతి చేపట్టినది. కేరళ ప్రభుత్వం 2023 జూన్‌లో కేఫాన్ పేరుతో తన సొంత వ్యవస్థను ప్రారంభించినది. కేంద్రం 2011లో ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. గ్రామ పంచాయతీలకు తీగ చేర్చుట దీని ఉద్దేశం. దీనికి నిధులు టెలికాం సంస్థల ఆదాయంపై విధించే రుసుము నుండి వస్తాయి. అనగా పల్లెకు తీగ వేయని సంస్థ కూడా ఆ ఖర్చులో కొంత భరిస్తున్నట్లే. విద్యుత్ చట్టంలోని 43వ సెక్షను వంటిది లేని లోటును ఈ రుసుము కొంతవరకు పూరిస్తుంది.

నిలిపివేసే అధికారం

కనెక్షను ఇవ్వుమని ప్రైవేటు సేవాదాతను ఆదేశించలేని రాష్ట్ర ప్రభుత్వం, ఉన్న అంతర్జాలాన్ని నిలిపివేయుమని మాత్రం ఆదేశించగలదు. 2017 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర హోం శాఖ కార్యదర్శికి ఈ అధికారం లభించినది. 2024లో వచ్చిన కొత్త నిబంధనలు కూడా దీనిని కొనసాగించినవి. కోనసీమ జిల్లా పేరు మార్పుపై 2022 మే 24న అమలాపురంలో హింస చెలరేగినప్పుడు ఆ ప్రాంతంలో కొన్ని రోజులపాటు అంతర్జాల సేవలు నిలిపివేశారు. ఇంటి నుండి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు చేరవలసి వచ్చినది.

అంతకు ముందే, 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, అంతర్జాలం ద్వారా చేసే భావప్రకటనకు, వ్యాపారానికి రాజ్యాంగ రక్షణ ఉన్నదని, నిలిపివేత ఉత్తర్వులను ప్రకటించవలెనని, నిరవధికంగా ఆపరాదని తీర్పు ఇచ్చినది. అయితే అంతర్జాలం పొందుట స్వయంగా ప్రాథమిక హక్కా అను ప్రశ్న జోలికి ఆ తీర్పు వెళ్ళలేదు. ఆంధ్రప్రదేశ్‌లో చౌక ధరల దుకాణాలలో వేలిముద్ర యంత్రాలు 2015 నుండి వచ్చినవి. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయాలు పనిచేస్తున్నవి. తీగ తెగినా, సిగ్నలు పోయినా బియ్యం కోసం వచ్చినవారు వరుసలో నిలబడవలసిందే.

ఫిర్యాదులు

సేవలో లోపం ఉన్నచో మొదట ఆ సంస్థ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేయించి సంఖ్య తీసుకొనవలెను. పరిష్కారం దొరకనిచో అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రిబ్యునలు వినియోగదారుల సమూహం వేసిన కేసులను వింటుంది గాని ఒక్క వినియోగదారుని ఫిర్యాదును వినదు. ఒంటరి వినియోగదారుడు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చునా అనే వివాదం చాలాకాలం నడిచినది. వెళ్ళవచ్చునని 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. ఫిర్యాదు సంఖ్య, చెల్లించిన బిల్లులు దాచుకొన్నవారికి ఈ మార్గం ఉపయోగపడుతుంది.