నాడీవికాస భేదాలున్న పిల్లల థెరపీ: ఇంటి భాషను వదులుకోవాలా?

ఆటిజం, ఏడీహెచ్‌డీ, మాట ఆలస్యం, అభ్యసన వైకల్యం వంటి నాడీవికాస భేదాలున్న పిల్లల తల్లిదండ్రులకు తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది: ‘బిడ్డతో ఒకే భాషలో మాట్లాడండి, మిగతావి మానేయండి’. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఆ ఒక్క భాష సాధారణంగా హిందీయో ఇంగ్లిషో అవుతుంది. బిడ్డ మాట కోసం ఇంట్లో అందరూ తెలుగు మానుకోవాల్సి వస్తుంది. అయితే ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు ఈ సలహాను సమర్థించడం లేదు. థెరపీ స్వరూపం, పరిశోధనల సారాంశం, చట్టం కల్పించిన హక్కులు, రాయ్‌పూర్ పరిసరాల్లో అందుబాటులో ఉన్న ప్రభుత్వ వ్యవస్థల వివరాలు ఇవి.

న్యూరోడైవర్సిటీ అంటే

మనుషుల మెదళ్లు ఒకే తీరున ఎదగవనీ, ఆ తేడాలు మానవ వైవిధ్యంలో భాగమనీ చెప్పే భావనే న్యూరోడైవర్సిటీ. తెలుగులో దీన్ని నాడీ వైవిధ్యం అంటున్నారు. 1990వ దశకంలో ఆటిజం ఉన్న వ్యక్తుల మధ్య జరిగిన చర్చల్లో ఈ ఆలోచన రూపుదిద్దుకుంది. ఆస్ట్రేలియా సామాజికశాస్త్రవేత్త జూడీ సింగర్ 1998 నాటి తన పరిశోధన పత్రంలో ఈ పదాన్ని వాడారు. ఈ దృష్టి థెరపీ లక్ష్యాలను కూడా ప్రభావితం చేసింది. బిడ్డను ఇతరుల్లా కనిపించేట్టు చేయడంకన్నా, తన అవసరాలను చెప్పుకోగలగడం, తన పనులు తాను చేసుకోగలగడం, ఆందోళన లేకుండా ఉండగలగడం ముఖ్యమని దీన్ని సమర్థించేవారు వాదిస్తారు.

దేశంలో పరిస్థితి

2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో నాడీవికాస సమస్యల విస్తృతిపై ఇన్‌క్లెన్ సంస్థ నేతృత్వంలో జరిగిన అధ్యయనం 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వెలువడింది. పల్వల్, కాంగ్డా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరిశీలించారు. ఆరేళ్లలోపు వారిలో ప్రాంతాన్ని బట్టి 2.9 శాతం నుంచి 18.7 శాతం వరకు, 6 నుంచి 9 ఏళ్ల వారిలో 6.5 శాతం నుంచి 18.5 శాతం వరకు కనీసం ఒక సమస్య ఉన్నట్టు తేలింది. వినికిడి, చూపు లోపాలు, మూర్ఛ వంటివి కూడా ఈ లెక్కలో ఉన్నాయి.

థెరపీలో ఏముంటుంది

స్పీచ్ థెరపీ మాటతోపాటు సైగ, చూపు, బొమ్మల ద్వారా భావ వ్యక్తీకరణను పెంపొందిస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ తినడం, బట్టలు వేసుకోవడం, రాయడం వంటి నిత్యకృత్యాలపైనా, శబ్దం, స్పర్శ, వెలుగు వంటి అనుభూతులను తట్టుకోవడంపైనా దృష్టి పెడుతుంది. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు చదువును బిడ్డ వేగానికి తగ్గట్టు మలుస్తారు.

నిపుణుల కొరత ఉన్న దేశాల్లో తల్లిదండ్రులకే శిక్షణనిచ్చే పద్ధతి ప్రాధాన్యం సంతరించుకుంది. గోవాలో, పాకిస్థాన్‌లోని రావల్పిండిలో 65 మంది ఆటిజం పిల్లలతో ‘పాస్’ పేరిట జరిగిన ప్రయోగ ఫలితాలు 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వెలువడ్డాయి. ప్రత్యేక వైద్య పట్టాలు లేని ఆరోగ్య కార్యకర్తలే ఈ శిక్షణ ఇచ్చారు. బిడ్డ సంకేతాలకు తల్లిదండ్రులు స్పందించే తీరు మెరుగుపడింది. బిడ్డ తనంతట తాను సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. అయితే ఇద్దరూ ఒకే విషయంపై ధ్యాస నిలిపే సమయం మాత్రం తగ్గింది.

ఈ పద్ధతిలో తల్లి, తండ్రి, అమ్మమ్మ, తాతయ్య బిడ్డతో ఆడే ఆట, చెప్పే కబుర్లే థెరపీ. తమకు సహజంగా రాని భాషలో మాట్లాడమంటే ఆ కబుర్లే తగ్గిపోతాయి. ఇంటి భాష ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది.

రెండు భాషలు భారమా

కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు హాంబ్లీ, ఫోంబోన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పోల్చి చూశారు. వారిలో 45 మంది రెండు భాషల వాతావరణంలోనూ, 30 మంది ఒకే భాషలోనూ పెరుగుతున్నారు. రెండు వర్గాల భాషా వికాసంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే ఏడాది కెనడాలోనే చైనీస్, ఇంగ్లిష్ మాట్లాడే చిన్నారులపై వెలువడిన అధ్యయనం కూడా ఇదే దిశలో సాగింది. ఇవి తక్కువ సంఖ్యలో పిల్లలతో, భారతదేశానికి భిన్నమైన పరిస్థితుల్లో జరిగినవన్నది నిజమే. అయినా రెండో భాష వల్ల మాట మరింత ఆలస్యమవుతుందన్న భయానికి వీటిలో ఆధారం దొరకలేదు.

రోగనిర్ధారణకు సంబంధించి ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. నిజమైన భాషా వికాస సమస్య బిడ్డకు తెలిసిన అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగులో చక్కగా మాట్లాడుతూ బడిలో హిందీలో మాత్రమే వెనకబడితే, అది ఆ భాష తగినంతగా వినకపోవడం వల్ల కావచ్చు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం బహుభాషా సమాజాల్లో సహజం. అది లోపానికి గుర్తు కాదు.

తెలుగు తెలియని పరీక్షకుడికి కనిపించనివి

ఆటిజం అంచనాకు దేశంలో వాడే ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’ (ఐశా) సికింద్రాబాద్‌లో రూపొందింది. ఇందులో 6 విభాగాలు, 40 అంశాలు ఉంటాయి. మొత్తం మార్కులు 70కి తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. భాషా విభాగంలోని అంశాల్లో విన్న మాటను తిరిగి పలకడం, ‘నేను’ అనవలసిన చోట ‘నువ్వు’ అనడం ఉన్నాయి.

తెలుగులో సర్వనామాన్ని తరచూ వదిలేస్తాం. ఎవరు చేశారన్నది క్రియ చివరి అక్షరాలే చెబుతాయి. ‘తిన్నావా?’ అని అడిగితే ‘తిన్నాను’ అనవలసిన బిడ్డ ‘తిన్నావు’ అంటే, సర్వనామం వినిపించకపోయినా పురుష మార్పు జరిగినట్టే. హిందీలో ‘ఖాయా’ అన్న భూతకాల క్రియ ‘నేను’, ‘నువ్వు’ రెంటికీ ఒకటే. కనుక ఇదే ప్రశ్నోత్తరాన్ని హిందీలో వింటే ఆ లక్షణం బయటపడదు. లింగ విషయంలోనూ ఇంతే. తెలుగు ఏకవచన క్రియలో స్త్రీకి, వస్తువుకు ఒకే రూపం: ‘అమ్మ వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. హిందీలో ప్రతి వస్తువూ పుంలింగమో స్త్రీలింగమో అవుతుంది. తెలుగింటి బిడ్డ హిందీలో లింగం తప్పితే దాన్ని వికాస లోపంగా లెక్కించకూడదు. బొమ్మల కార్డుల్లో రోటీ, పరాఠా మాత్రమే ఉండి అన్నం, పప్పు, పెరుగు లేకపోతే, ఇంట్లో తినేదాన్ని అడిగేందుకు ఆ కార్డులు అక్కరకు రావు.

చట్టం ఏమంటోంది

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని, సెరిబ్రల్ పాల్సీని, బుద్ధిమాంద్యాన్ని, బహుళ వైకల్యాలను తన పరిధిలోకి తెచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, ఆటిజంతోపాటు నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను చేర్చింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. మాట్లాడలేని వారికి బొమ్మలు, సైగలు, పరికరాల వంటి ప్రత్యామ్నాయ మార్గాలను ప్రోత్సహించాలని 17వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పేర్కొంది. ఇవి బడికి సంబంధించినవే అయినా, థెరపీలో ఇంటి భాషను కోరే తల్లిదండ్రుల వాదనకు బలమిస్తాయి.

రాయ్‌పూర్ పరిసరాల్లో

పార్వతీపురం మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపిన రైలుమార్గం 1931 నాటికి పూర్తయింది. ఉత్తరాంధ్రకూ ఈ నగరానికీ రాకపోకలను అది సులభం చేసింది. రాష్ట్రంలో హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు గోండీ, హల్బీ, కుడుఖ్ మాట్లాడే కుటుంబాలున్నాయి. దక్షిణాన సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దు గ్రామాల్లో దోర్లీ, తెలుగు వినిపిస్తాయి. కనుక ఇంటి భాష ప్రశ్న తెలుగువారికే పరిమితం కాదు.

రాయ్‌పూర్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్‌లో పిల్లల వైద్యం, మానసిక వైద్య విభాగాలున్నాయి. నగరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని రాజ్‌నంద్‌గావ్‌లో కేంద్ర ప్రభుత్వ సమీకృత ప్రాంతీయ కేంద్రం (సీఆర్‌సీ) పనిచేస్తోంది. ఇది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పిలిచే జాతీయ సంస్థ పరిపాలనలో ఉంది. నెల్లూరు సీఆర్‌సీ కూడా ఇదే సంస్థ కిందిది. 2021 జూన్ 17న కేంద్రం ప్రారంభించిన 14 శీఘ్ర జోక్య కేంద్రాల్లో సికింద్రాబాద్, నెల్లూరు, రాజ్‌నంద్‌గావ్ మూడూ ఉన్నాయి. వీటిలో పుట్టిన నాటినుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు సేవలందుతాయి. ఒకే గొడుగు కింద తెలుగు నేల కేంద్రాలూ ఛత్తీస్‌గఢ్ కేంద్రమూ ఉన్నందున, తెలుగు పరీక్ష సామగ్రిని, తెలుగు తెలిసిన నిపుణుల సలహాను ఇక్కడి కుటుంబాలకు చేర్చేందుకు మార్గం ఉంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా శీఘ్ర జోక్య కేంద్రానికి పంపుతారు. నేషనల్ ట్రస్ట్ అమలు చేసే నిరామయ బీమా పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. థెరపీ ఖర్చులకు కూడా ఇది వర్తిస్తుంది.

తల్లిదండ్రులు అడగవలసినవి

• స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా?
• అంచనా ఏ భాషలో జరిగింది? బిడ్డ ఇంట్లో మాట్లాడే మాటలను నమోదు చేశారా?
• థెరపిస్టుకు తెలుగు రాకపోతే, తల్లి లేదా తండ్రి గదిలో ఉండి ఇంటి భాషలో అదే అభ్యాసం చేయించే వీలుందా?
• బొమ్మల కార్డులపై, ఫోన్ యాప్‌లో తెలుగు మాటలు, ఇంటి తిండి, చుట్టాల పిలుపులు చేర్చుకోవచ్చా?
• ఇంటి భాష మానేయమని చెబితే, అందుకు ఆధారమేమిటి?

చివరి ప్రశ్న అడగడం నిపుణుడిని అవమానించడం కాదు. అత్త, మామ, తాతయ్య ఏ భాషలో పలకరిస్తారో ఆ భాష తెలియకపోతే బిడ్డకు మాట వచ్చినా ఇంట్లో మాట్లాడేందుకు ఎవరూ ఉండరు.