పాత బ్రిటిష్ టీవీ ఫోటోలో ఉన్న కెమెరా ఏది? గుర్తుపట్టడం ఇలా

1960, 70లలో బీబీసీ చాలా కార్యక్రమాల టేపులు చెరిపేసి మళ్లీ వాడుకుంది. లైవ్‌గా వెళ్లినవి కొన్ని అసలు రికార్డే కాలేదు. అలాంటి వాటికి ఇప్పుడు మిగిలింది స్టూడియోలో తీసిన ఫోటోలే. ఫోటో వెనక తేదీ రాసి లేకపోతే, అందులో నిలబడ్డ కెమెరానే సాక్షి. దాన్ని ఇలా చూడాలి.

జంట లెన్సుల ఎమిట్రాన్

1936 నవంబర్ 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ రోజువారీ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అక్కడ వాడిన ఈఎంఐ ఎమిట్రాన్‌కు రెండు లెన్సులు. ఒకటి బొమ్మ పట్టడానికి, రెండోది కెమెరామన్ చూసుకోవడానికి.

తిరిగే పళ్లెం ఉంటే

కెమెరా ముందు గుండ్రటి పళ్లెం, దాని మీద మూడు నాలుగు లెన్సులు కనిపిస్తే అది టర్రెట్. దగ్గరి షాట్ కావాలంటే పళ్లెం తిప్పి ఇంకో లెన్స్ పెట్టేవారు. మార్కోని మార్క్ 3, మార్క్ 4, ఈఎంఐ 203 ఈ రకమే. బ్రిటిష్ స్టూడియోలో టర్రెట్ అంటే దాదాపుగా నలుపు తెలుపు కాలమే. లోపల ఇమేజ్ ఆర్థికాన్ అనే పెద్ద ట్యూబు ఉండేది, అందుకే పెట్టె పొడుగ్గా ఉంటుంది.

కలర్ కెమెరాలు

1967 జులై 1న బీబీసీ 2లో వింబుల్డన్ టెన్నిస్‌తో కలర్ మొదలైంది. 1969 నవంబర్ 15న బీబీసీ 1, ఐటీవీ కూడా కలర్‌లోకి వచ్చాయి. ఇక టర్రెట్ పోయి జూమ్ లెన్స్ వచ్చింది.

• ఫిలిప్స్ పీసీ 60: మూడు ప్లంబికాన్ ట్యూబులు.
• మార్కోని మార్క్ 7: నాలుగు ట్యూబులు. పెద్ద పెట్టె, జూమ్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.
• ఈఎంఐ 2001: ఇదీ నాలుగు ట్యూబులే. కానీ జూమ్ లెన్స్ పెట్టె లోపలే ఇమిడిపోతుంది. ముందు ఏమీ పొడుచుకు రాకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ఇక్కడ పొరపాటు పడొద్దు

ఫోటో నలుపు తెలుపు అయినంత మాత్రాన కెమెరా కూడా అదే అనుకోకూడదు. పత్రికల ఫోటోగ్రాఫర్లు 70లలో కూడా నలుపు తెలుపు ఫిల్మే ఎక్కువ వాడారు. కెమెరా పక్కన ఉండే పెద్ద అంకె మోడల్ నంబర్ కాదు, స్టూడియోలో ఆ కెమెరా వరస నంబర్. ఇంకోటి, కెమెరా చెప్పేది 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే. ఈఎంఐ 2001లు 1980లు దాటేదాకా పనిచేశాయి.

ఒక ఉదాహరణ. బ్రిటన్‌లో స్థిరపడిన భారత, పాకిస్తానీ కుటుంబాల కోసం బీబీసీ 1965 అక్టోబర్‌లో హిందీ-ఉర్దూలో 'అప్నా హీ ఘర్ సమఝియే' మొదలుపెట్టింది. '1965, మొదటి ఎపిసోడ్' అని రాసి ఉన్న ఫోటోలో ఈఎంఐ 2001 కనిపిస్తే ఆ రాత తప్పే. అప్పటికి ఆ కెమెరా స్టూడియోల్లోకి రానేలేదు.

ఇంట్లో పెద్దవాళ్లవి ఇలాంటి ఫోటోలు ఉంటే మొహాల వరకే కత్తిరించి దాచుకోకండి. మూలన ఉన్న కెమెరాతో సహా మొత్తం స్కాన్ చేయించండి, వెనక వైపు కూడా.